‘...చి పోయినాడు’: చచ్చా, లేచా?

పాత కాగితాలు: పొద్దున్నుంచి ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. మా ముత్తాతగారు కాకినాడలో ఉన్న బావమరిదికి రాసిన కార్డు, పరీధావి కార్తీకం, అంటే 1912. ‘మన పాలేరు ...చి పోయినాడు, బాకీ తమ్ముని మీద వేసితిమి’ అని ఉంది. చి ముందు పురుగు కొట్టేసింది. చచ్చిపోయాడా, లేచిపోయాడా?

అరసున్న: చి కింద వత్తు ఉందా లేదా? ఉంటే చచ్చి. లేకపోతే మిగతావి చూద్దాం.

పాత కాగితాలు: అదే గొడవండీ. కింద చిన్న వంకర ఉంది, అది చ వత్తో చిల్లు అంచో తేలట్లేదు.

గోదావరి గట్టు: లేచిపోవడం అంటే ఇప్పుడు మనకి ప్రేమ వ్యవహారమే గుర్తొస్తుంది గానీ, మా అమ్మమ్మ కలరాకి జనం ఖాళీ చేసి పోయినా ‘ఊరు లేచిపోయింది’ అనే అనేది. పైగా ఆ రోజుల్లో కాకినాడంటే రంగం ఓడ, అదే రంగూన్ పోయేది. ఎక్కేసి ఉంటాడు మాస్టారూ, నా ఓటు లేచికే.

అరసున్న: ఓట్లతో అక్షరాలు తేలవు. ‘విడిచి’ కూడా పడుతుంది అక్కడ.

మాటలపుట్ట: చనిపోతే ‘కాలము చేసెను’ అని రాసేవారు కదా?

అరసున్న: పాలేరుకా? బావుంది.

నల్లగొండ గాలి: చచ్చినా పారిపోయినా బాకీ తమ్ముని మీద పడ్డది, అది చూడరేం? అట్ల బాకీకి చాకిరీ చేసేటోణ్ణి మా దిక్కు భగేలా అనేవాళ్ళు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టంలో భగేలా, జీతం, వెట్టి పక్కన పాలేరు కూడా పేరు పెట్టి ఉంది. మనమేమో అదేదో కొలువన్నట్టు చదువుతున్నాం.

గోదావరి గట్టు: పాలేరులో ఉన్నది పాలు, అంటే వాటా, తమ్ముడూ. బానిస వేరు.

నల్లగొండ గాలి: ఏం వాటా అన్నా? బాకీలోనా?

అరసున్న: బానిస మాటెత్తారు కాబట్టి, బానసం అంటే వంటిల్లు, బానసి అంటే వంటవాడు. ఇకారం అటుది ఇటు జరిగి బానిస అయిందని నా అనుమానం, ఇరవై ఏళ్ళుగా చెప్తున్నా, ఒక్కరూ ఒప్పుకోరు.

మాటలపుట్ట: ఇప్పుడూ ఒప్పుకోం. గౌరన హరిశ్చంద్రోపాఖ్యానంలో చంద్రమతిని కాశీలో అమ్మే చోటు చదివారా? ఆ ద్విపద నడకకి గొంతు పట్టేస్తుంది. ద్విపదని తక్కువగా చూసేవాళ్ళకి ఆ ఒక్క ఘట్టం చాలు. అయినా నాకెప్పుడూ ఒకటే సందేహం, రాత్రికి రాత్రి లోహితుణ్ణి చంకనేసుకుని పారిపోవచ్చు కదా ఆవిడ?

అరసున్న: సత్యం కథలో పారిపోతే ఇంకేముంది.

పాత కాగితాలు: కార్డు తిప్పి చూశాను. అంచున చిన్నగా ‘కంబళి కూడా లేదు’ అని ఉంది.

గోదావరి గట్టు: చూశారా! పట్టుకుపోయాడు.

అరసున్న: కప్పి పూడ్చారేమో. ఆ వత్తు ఫొటో పెట్టండి ముందు.