వడలు తిన్న గుణుపురం పాసింజర్

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సాయంత్రం నా దగ్గర ట్యూషన్‌లో ఇంగ్లీషు. ఇదీ మా పిల్లల రోజు. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఇలా రాసింది: "ఈటింగ్ వడాస్ ఆన్ ద ప్లాట్‌ఫామ్, ద గుణుపూర్ పాసెంజర్ కేమ్."

బండి వడలు తినడమేంటమ్మా అంటే బిక్కమొహం వేసింది. సరే, తెలుగులో చెప్పమన్నాను. "ప్లాట్‌ఫామ్ మీద వడలు తింటుంటే గుణుపురం పాసింజర్ వచ్చింది." వంక పెట్టడానికి లేదు!

గొడవంతా ఆ "తుంటే"తోనే. తినేది మనం, వచ్చేది బండి, అయినా దానికి అభ్యంతరం లేదు. ఇంగ్లీషులో వాక్యం మొదట్లో వచ్చే "ఇంగ్" ముక్క అలా ఊరుకోదు. కామా దాటాక కర్తగా ఎవరు కనిపిస్తే ఆ పని వాళ్ల నెత్తినే వేస్తుంది. అది మన "తూ"కి చుట్టం. "వడలు తింటూ పాసింజర్ వచ్చింది" అని చదివించాను. పిల్ల పకపకా నవ్వింది. అప్పట్నుంచీ మా ట్యూషన్‌లో ఇదే పరీక్ష: "తూ" పెట్టి చదవండి, నవ్వొచ్చిందా, ఇంగ్లీషు కూడా తప్పే. "తుంటే" అనే చెప్పాలనుకుంటే "వైల్ ఐ వాజ్ ఈటింగ్" అని కర్తని బయటపెట్టాలి.

"పెయింటెడ్ గ్రీన్, మై ఫాదర్ లైక్డ్ ద డోర్" కూడా ఇదే బాపతు. పచ్చరంగు నాన్నకి అంటుకుంది. మనం "పచ్చరంగు వేసిన తలుపు" అని విశేషణాన్ని తలుపుకే తగిలిస్తాం కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

"తిని, వెళ్లి" లాంటి క్త్వార్థకాలకీ, అంటే ముందు జరిగిన పనిని చెప్పే రూపాలకీ, తర్వాతి క్రియకీ కర్త ఒక్కరే ఉండాలంటారు. పాణిని "సమానకర్తృకయోః పూర్వకాలే" అన్నాడు, అంటే కర్త ఒకరే అయిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి ఈ రూపం అని. ఒడియాలో "ఘరకు జాఇ భాత ఖాఇలి" అన్నా, మనం "ఇంటికెళ్లి అన్నం తిన్నాను" అన్నా వెళ్లిందీ తిన్నదీ ఒకరే. చివరి ఇకారంతో సహా కలిసింది చూడండి.

*

బరంపురం నుంచి ఒక జవాబు:

మేస్టారూ, "వాన పడి రోడ్డంతా బురదైంది" అంటాం కదా? పడింది వాన, బురదైంది రోడ్డు. మరి ఒకే కర్త ఎక్కడుందండీ?

*

దొరికిపోయానండి. పాణిని చెప్పింది సంస్కృతానికి, మన నోటి తెలుగు దానికి పూర్తిగా కట్టుబడదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి వాడుకని కాదంటే బావుండదు కూడా. అయితే మీ వాక్యంలో పడిందెవరో ముందే చెప్పేశారు, వాన అని. అలా చెప్పేస్తే ఇంగ్లీషూ ఒప్పుకుంటుంది: "ద ట్రెయిన్ బీయింగ్ లేట్, వుయ్ వెంట్ హోమ్." "జనరల్లీ స్పీకింగ్" లాంటివి మరీ అరిగిపోయి, మాట్లాడిందెవరని ఎవరూ అడగరు.

రేపు మీ వాన వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమని పిల్లలకి ఇస్తాను. రోడ్డు ఎక్కడ పడుతుందో చూద్దాం.