క్రీ స్టేటస్ నమోదు: 1984 పెళ్లికి సర్టిఫికెట్ దొరకడం లేదు

కెనడాలోని సాస్కటూన్‌లో ఉంటాం. నేను తెలుగువాణ్ణి, నా భార్య ఇక్కడి క్రీ ఆదివాసీ జాతి మనిషి. మా పాపని ఇండియన్ యాక్ట్ (ఇక్కడి ఆదివాసుల చట్టం) కింద నమోదు చేయించాలి; ఆ గుర్తింపునే స్టేటస్ అంటారు.

భార్య వాళ్ల అమ్మమ్మ, అందరికీ కోకుమ్ (క్రీలో అమ్మమ్మ), 1962లో స్టేటస్ లేనాయన్ని పెళ్లాడి తన స్టేటస్ పోగొట్టుకుంది. 1985 సవరణతో తిరిగొచ్చింది. నా భార్య 1986లో పుట్టింది, 2011 సవరణ తర్వాత 6(2) కింద కార్డు ఇచ్చారు, అంటే భర్తకీ స్టేటస్ ఉంటేనే పిల్లలకి వస్తుంది. మామగారికి స్టేటస్ లేదు. నాకూ లేదు కాబట్టి ఈ లెక్కన పాపకి రాదు. కానీ 2019 మార్పు ప్రకారం అత్తమామల పెళ్లి 1985 ఏప్రిల్ 17కి ముందే అయిందని చూపిస్తే భార్య 6(1)లోకి (భర్తకి స్టేటస్ లేకున్నా పిల్లలకి వచ్చే రకం), పాప 6(2)లోకి వస్తారు. పెళ్లి 1984లోనే అయింది.

చిక్కల్లా రుజువు దగ్గరే. అత్తామామా ఇద్దరూ లేరు. ప్రావిన్స్ రికార్డుల్లో వెతికిస్తే లేదన్నారు. చర్చి రిజిస్టర్ కాలిపోయిందట. పెళ్లి ఫొటో, పిన్నిగారి అఫిడవిట్ జతచేసి పంపితే చాలదని తిప్పి పంపారు. కోకుమ్ మాత్రం పాపకి మూస్ (పెద్ద దుప్పి) తోలుతో మొకాసిన్లు అనే మెత్తటి చెప్పులు కుట్టి, పూసలతో గులాబీ కూడా వేసేసింది. ఆవిడకి ఏ కార్డూ అక్కర్లేదు!

ఇలాంటి కేసు చూసినవాళ్లు చెప్పండి: పెళ్లి సర్టిఫికెట్‌కి బదులుగా ఏ కాగితం ఇస్తే ఒప్పుకున్నారు?