కడుపుతో ఉన్నప్పుడు గుర్రపు స్వారీ: మీరు ఎప్పుడు ఆపారు, ఎందుకు?

తెల్లచుక్క:

అందరికీ నమస్తే. నాకిప్పుడు ఏడో వారం, మొదటి కాన్పు. చిన్నప్పటి నుంచి స్వారీ చేస్తున్నాను, ఒకప్పుడు జంపింగ్ పోటీలకి కూడా వెళ్ళేదాన్ని, ఇప్పుడు పోటీలు లేవు గానీ సాయంత్రాలు చాలావరకు గుర్రం మీదే గడుస్తాయి. నాది వయసు మళ్ళిన ఆడగుర్రం, చాలా నెమ్మది, పక్కనుంచి ట్రాక్టర్ వెళ్ళినా చెవి కదపదు.

మొదటి చెకప్‌లో డాక్టరుగారిని అడిగితే రిపోర్టులోంచి తల ఎత్తకుండా "అది ఆపేయండి" అన్నారు, అంతే. ఎందుకో చెప్పలేదు, గట్టిగా అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఇక మా అత్తగారైతే గుర్రం ఊపుకే కడుపు పోతుందని భయపడుతున్నారు. నాతో స్వారీ చేసేవాళ్ళేమో "మూడు నెలల దాకా బిడ్డ ఎముకల మధ్యే ఉంటుంది, ఏం కాదు" అంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక రాత్రి నిద్ర పట్టడం లేదు.

ఊపు వల్ల నిజంగా నష్టం ఉందా? ఆ మూడు నెలల లెక్క ఎంతవరకు నిజం? పరుగు లేకుండా, మూసిన అరీనాలో (స్వారీ చేసే స్థలంలో) నడక మాత్రమే అయితే? ఒకవేళ స్వారీ మానేసినా గుర్రానికి మేత పెట్టడం, ఒళ్ళు తోమడం, శాల శుభ్రం చేయడం చేసుకోవచ్చా? "మానేస్తే పోయేదేముంది" అని మాత్రం దయచేసి రాయకండి, నాకు అది చిన్న విషయం కాదు.

నైట్‌డ్యూటీ:

ముందుగా శుభాకాంక్షలు చెల్లీ. నేను ప్రసూతి వార్డులో నర్సుని, పెళ్ళికి ముందు నుంచీ స్వారీ కూడా ఉంది, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

మీ అత్తగారి భయం గురించి ముందు. మొదటి మూడు నెలల్లో గర్భం పోవడం చాలామందికి జరుగుతుంది, అందులో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో వచ్చిన తేడాల వల్లే, తల్లి ఏం చేసినా చేయకపోయినా జరిగేవి. గుర్రం నడకలో ఉండే ఊపు గురించి డాక్టర్లు అంతగా భయపడరు. వాళ్ళు భయపడేది పడిపోవడం గురించి. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే ఒకరు మరీ భయపెడతారు, ఇంకొకరు మరీ ధైర్యం చెప్తారు.

మూడు నెలల లెక్కలో నిజం ఉంది, కానీ సగమే. సుమారు 12వ వారం దాకా గర్భసంచి కటి ఎముకల లోపలే ఉంటుంది, ఆ తర్వాత పైకి వస్తుంది, 20వ వారానికి బొడ్డు దాకా చేరుతుంది. అంటే మొదట్లో కడుపుకి నేరుగా దెబ్బ తగలకుండా ఎముకల అడ్డు ఉంటుంది. అయితే పడితే తల్లికి తల పగిలినా, కటి ఎముక విరిగినా, లోపల రక్తం పోయినా ఆ అడ్డు ఏం చేస్తుంది? తల్లి ఒంట్లో రక్తం తగ్గితే శరీరం ముందు తల్లి గుండెనీ మెదడునీ కాపాడుకుంటుంది, గర్భసంచికి వెళ్ళే రక్తం తగ్గించేస్తుంది. తల్లి నాడి, బీపీ బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నా లోపల బిడ్డకి ఆక్సిజన్ తగ్గిపోతూ ఉండొచ్చు.

నెలలు నిండేకొద్దీ ఇంకో పెద్ద ప్రమాదం మాయ (ప్లాసెంటా) గర్భసంచి గోడ నుంచి విడిపోవడం. గర్భసంచి గోడ సాగుతుంది, మాయ సాగదు. బెలూన్ మీద కాగితం అతికించి బెలూన్‌ని గట్టిగా నొక్కితే కాగితం అంచు ఎలా లేస్తుందో అలా. పొట్ట నేలకి తగలక్కర్లేదు, పిరుదుల మీద పడినా, ఆ కుదుపుకే మాయ విడిపోవచ్చు. రక్తం బయటికి కనిపించకుండా లోపలే గడ్డకట్టిన కేసులు మా వార్డులో చూశాను. అందుకే "చిన్న పడటమే, ఏం కాలేదు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ డాక్టరుగారు కారణం చెప్పి ఉండాల్సింది. మళ్ళీ వెళ్ళినప్పుడు అడగండి, అడగడం మీ హక్కు.

దౌడు:

నేను నాలుగో నెల దాకా ఎక్కాను, పాప ఆరోగ్యంగా ఉంది, కాబట్టి ఇంకో వైపు కూడా వినండి. డాక్టర్లందరూ ఒకే మాట చెప్పరు. అమెరికాలో ప్రసూతి వైద్యుల సంఘం ఏకాగ్ స్వారీని పడిపోయే ప్రమాదం ఉన్న ఆటల్లో చేర్చి పూర్తిగా వద్దంటుంది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మాత్రం స్వారీ, సైకిల్, మంచు మీద స్కీయింగ్ లాంటివి జాగ్రత్తతో మాత్రమే చేయాలి అంటుంది, నిషేధం అనదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ రైడర్ ఆంకీ వాన్ గ్రున్స్‌వెన్ ఐదు నెలలు దాటిన కడుపుతో డ్రెసాజ్‌లో బంగారు పతకం గెలిచింది, ఆ ఏడాది నవంబరులోనే బాబు పుట్టాడు.

నేను మా డాక్టరుతో కూర్చుని మాట్లాడి, జంపింగ్, బయట దారులు, కొత్త గుర్రాలు అన్నీ మానేసి, నా గుర్రాన్నే, ఎవరో ఒకరు పక్కన ఉన్నప్పుడే, అరీనాలోనే ఎక్కాను. బ్యాలెన్స్ మారుతోందని అనిపించిన రోజున దిగాను. ఇరవై ఏళ్ళుగా స్వారీ చేస్తున్న మనిషినీ మొన్న నేర్చుకోవడం మొదలెట్టినవాళ్ళనీ ఒకే గాటన కట్టేయడం న్యాయం కాదు. పెద్ద మనుషులం, వివరాలు చెప్తే నిర్ణయం మేం తీసుకోగలం.

పాతరికాబు:

దౌడు గారూ, మీ పాప బాగున్నందుకు సంతోషం, కానీ ఆంకీ ఉదాహరణతో నాకు ఇబ్బంది ఉంది. ఆవిడ ప్రపంచంలోనే మొదటి వరస రైడర్, డ్రెసాజ్ అంటే కొలిచిన చదును అరీనాలో చేసేది, అడ్డంకులు దూకేది కాదు. అప్పుడు ఏం కాలేదు కాబట్టి ఎప్పుడూ ఏం కాదు అని దాన్నిబట్టి చెప్పలేం.

అనుభవం గురించి కూడా ఒక మాట. అనుభవం వల్ల మనం తక్కువసార్లు పడతాం, నిజమే. పడ్డాక మాత్రం నేల అందరికీ ఒకటే. సగటు గుర్రం మీద కూర్చుంటే తల నేలకి రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది, కింద ఉన్నది ఐదొందల కిలోల జంతువు. నేను స్వారీ నేర్పిస్తాను, నా కళ్ళముందు జరిగిన వాటిలో పొగరు గుర్రాలు కుదిపేసినవి తక్కువ. నెమ్మది గుర్రాలే నడుస్తూ కాలు తట్టుకుని ముందుకి మోకరిల్లడం, పొదలోంచి పిట్ట లేస్తే ఒక్క అడుగు పక్కకి గెంతడం, ఈగ కుట్టి తల విదిల్చడం, ఎక్కువసార్లు ఇవే. రైడర్ కూడా ఆ గుర్రం మీద నమ్మకంతో కాళ్ళు పెట్టుకునే రికాబులు వదిలేసి కబుర్లు చెప్తూ ఉంటుంది. వయసు మళ్ళిన గుర్రం అన్నారు కదా, కాలు తట్టుకోవడం వాటికి ఇంకా ఎక్కువ, కీళ్ళు బిగుసుకుని ఉంటాయి.

పైగా మీ ఒళ్ళు మీకు తెలిసిన ఒళ్ళు కాదు ఇప్పుడు. రిలాక్సిన్ అనే హార్మోను కీళ్ళని పట్టి ఉంచే లిగమెంట్లని వదులు చేస్తుంది, కొన్ని వారాలు పోయాక పొట్ట బరువుకి శరీరం తూకం ముందుకి జరుగుతుంది. ఇన్నేళ్ళుగా ఆలోచించకుండానే సర్దుకునే నడుము ఒక్క అర క్షణం ఆలస్యంగా సర్దుకుంటుంది. చాలామందికి జఘనాస్థి (కటి ముందువైపు ఎముక) దగ్గర నొప్పి మొదలవుతుంది, కాళ్ళు వెడల్పు చేసి కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది.

బాడీ ప్రొటెక్టర్ (ఛాతీకి తొడిగే మెత్తటి కవచం) వేసుకుంటే సరిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. అది పక్కటెముకల కోసం చేసింది. మాయ విడిపోయేది కుదుపు వల్ల, ఆ కుదుపుని అది ఆపదు.

నా దగ్గర నేర్చుకునేవాళ్ళు కడుపుతో ఉన్నామని చెప్తే ఎక్కించను. వాళ్ళు కోప్పడినా సరే.

పశువుల_డాక్టరమ్మ:

స్వారీ గురించి అందరూ రాశారు, నాకు అసలు భయం శాలలో పనుల గురించి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తెల్లచుక్క గారూ, మీ గుర్రంగానీ, పక్క గదుల్లోవిగానీ ఆడగుర్రాలైతే వాటికి ఆల్ట్రెనోజెస్ట్ ఇస్తున్నారేమో ఈరోజే కనుక్కోండి. ఎద ఆపడానికీ, ఎదకాలం సర్దడానికీ ఇచ్చే నూనె లాంటి మందు, మేతలో కలిపో సిరంజితో నోట్లోనో ఇస్తారు. అది చర్మం గుండా మన ఒంట్లోకి వెళ్ళిపోయే హార్మోను. కడుపుతో ఉన్నవాళ్ళు దాన్ని అసలు ముట్టుకోకూడదు, గ్లవ్స్ వేసుకుని కూడా వద్దు, మామూలు లేటెక్స్ గ్లవ్స్ దాన్ని ఆపవు. మందు కలిపిన బక్కెట్టు కడగడం, అది తిన్న గుర్రం మూతి తుడవడం కూడా వేరేవాళ్ళకి అప్పజెప్పండి. అలాగే ఆడగుర్రాలకి వేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు, దినోప్రోస్ట్, క్లోప్రోస్టెనాల్ లాంటివి, గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. చర్మం మీద పడినా ప్రమాదమే. ఆ సీసాల జోలికే వెళ్ళకండి.

ఈనే గుర్రానికి దూరంగా ఉండండి, ఈసుకుపోయిన గుర్రమైతే మరీ. ఆస్ట్రేలియాలో 2014లో ఒక ఆడగుర్రం మాయ తేడాగా ఉంటే దాన్ని పట్టుకుని చూసిన వెటర్నరీ విద్యార్థులకి సిటకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సోకింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ జబ్బు చాలా తీవ్రంగా రావచ్చు. గడ్డి దగ్గర పిల్లులు తిరిగితే వాటి మలం ద్వారా సోకే టాక్సోప్లాస్మా సంగతి కూడా గుర్తుంచుకోండి, గ్లవ్స్ వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక తన్నులు. గుర్రం వెనక కాళ్ళు సరిగ్గా మీ పొట్ట ఎత్తుకే వస్తాయి. వెనక గిట్టలు శుభ్రం చేయడం, గుంపులోంచి గుర్రాన్ని బయటికి తీయడం, ఇరుకు గదిలో గుర్రానికీ గోడకీ మధ్య నిలబడటం మానేయండి. తలవైపు నిలబడి బ్రష్ చేయండి, కంచె బయటి నుంచి మేత పెట్టండి, కట్టి ఉన్న గుర్రంతో కబుర్లు చెప్పండి. నిండు బక్కెట్లు, పేడ తట్టలు మోయడం ఇంకొకరు చూసుకుంటారు.

తెల్లచుక్క:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆల్ట్రెనోజెస్ట్ మాట చదివి వెంటనే ఫోన్ చేశాను, మా పక్క గదిలో గుర్రానికి నిజంగానే ఇస్తున్నారు! మా దాని మేత బక్కెట్టుతో పాటు ఆ బక్కెట్టు కూడా ఒకే చోట కడుగుతున్నారు. ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఈ జాగ్రత్తలు ప్రింట్ చేసి గోడకి అంటించమని అడిగాను.

స్వారీ ఆపేస్తున్నాను. దౌడు గారూ, మీరు తప్పు చేశారని కాదు, మీ డాక్టరు మీతో మాట్లాడినట్టు నాతో ఎవరైనా మాట్లాడి ఉంటే బాగుండేది. కానీ పాతరికాబు గారు కాలు తట్టుకోవడం గురించి రాశాక మా గుర్రం చలికాలంలో ఎన్నిసార్లు అలా తట్టుకుందో గుర్తొచ్చింది, ఇక మనసు ఒప్పుకోలేదు. ఏడుపొచ్చింది, అది కూడా రాస్తున్నాను.

ఇంకో రెండు సందేహాలు. నాది ఓ నెగటివ్ బ్లడ్ గ్రూప్. శాలలో జారి పడినా, గుర్రం నెట్టినా ఏం చేయాలి? కాన్పు అయ్యాక ఎప్పుడు ఎక్కొచ్చు?

నైట్‌డ్యూటీ:

నెగటివ్ గ్రూప్ అని చెప్పడం మంచిదైంది. కడుపుకి దెబ్బ తగిలినా, గట్టిగా పడినా ఎన్నో వారమైనా సరే ఫోన్ చేయండి, మొదట చెప్పాల్సింది మీ బ్లడ్ గ్రూపే. బిడ్డది పాజిటివ్ అయి ఆ రక్తం మీ రక్తంలో కలిస్తే మీ ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, అవి తర్వాతి కాన్పుకి కూడా ఇబ్బంది. అవసరమైతే అవి తయారవకుండా యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల లోపు వేస్తారు. 20 వారాలు దాటాక పడితే నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి, బిడ్డ గుండె చప్పుడు, గర్భసంచి బిగుతు కనీసం నాలుగు గంటలు గమనిస్తారు, ఏదైనా తేడా కనిపిస్తే ఒక రోజంతా ఉంచుతారు. రక్తం కనిపించడం, పొట్ట రాయిలా గట్టిపడి వదలకపోవడం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది ఉన్నా పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు.

వ్యాయామం మాత్రం మానేయకండి, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా చెప్తారు. ఈత, వేగంగా నడవడం, కదలని సైకిల్. రైడర్లకి ఈత బాగా నచ్చుతుంది, నడుముకి బరువు ఉండదు.

పాతరికాబు:

కాన్పు తర్వాత సంగతి నేను చెప్తాను. తేదీ చూసి ఎక్కకండి. మామూలు కాన్పా, ఆపరేషనా, కుట్లు ఎలా మానాయి, దగ్గినప్పుడు మూత్రం జారుతోందా, పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి ఉన్నాయా, ఇవన్నీ డాక్టరుతోగానీ ఫిజియోతోగానీ చూపించుకుని అప్పుడు. కటి కింది కండరాలు బలం పుంజుకోకుండా గుర్రం చిన్న పరుగు, అంటే ట్రాట్‌లో కూర్చుంటే ఇబ్బంది పడేది మీరే. పాలిచ్చే నెలల్లో కీళ్ళ వదులుతనం కొంత ఉంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

గుర్రం సంగతి కూడా ఇప్పుడే ఏర్పాటు చేయండి. అన్ని నెలలు ఎవరూ ఎక్కకపోతే ఎంత నెమ్మది గుర్రమైనా మారుతుంది, ఆ వయసులో కండ కూడా కరిగిపోతుంది. బరువు తక్కువున్న, చేయి మెత్తగా ఉన్న రైడర్ ఎవరినైనా వారానికి కొన్నిసార్లు ఎక్కించండి. మీరు తిరిగొచ్చే ముందు వరసగా కొన్ని వారాలు వాళ్ళు ఎక్కాకే మీరు ఎక్కండి, మొదటిసారి మౌంటింగ్ బ్లాక్ (గుర్రం ఎక్కడానికి వాడే మెట్టు) మీద నుంచి, ఎవరైనా కళ్ళెం పట్టుకుని ఉండగా.