సీసాల్లో వచ్చే ఫిలిప్పీన్స్ కూరలు: ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్లు ఉంటాయి?

మా చెల్లి ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మెడిసిన్ చదువుతోంది. రూమ్‌లో రైస్ కుక్కర్ ఉంది కానీ ఫ్రిజ్ లేదు. క్లాసులయ్యాక కూర వండే ఓపిక ఉండక, అన్నం పెట్టుకుని సీసా మూత తీసి కలుపుకుంటోంది. వెల్లుల్లి వేసి నూనెలో ఉంచిన ఎండు చేప ‘తుయో’, దిపోలోగ్ ఊరి పేరుతో సీసాల్లో వచ్చే సార్డిన్ చేపలు తనకు బాగా నచ్చాయి.

శనివారాలు తను నీచు తినదు. ‘లాయింగ్’ అంటే చేమాకును కొబ్బరిపాలలో మిర్చి వేసి ఉడికించే వంట, అక్కడి బికోల్ ప్రాంతానిది. ఆకుకూరే కదా అని కొంటే లేబుల్ మీద రొయ్యల పేస్ట్ కనిపించిందట! రొయ్య, చేప కలవని లాయింగ్ సీసాల్లో దొరుకుతుందా? మిర్చి, కొబ్బరిపాలతోనే చేసే ‘బికోల్ ఎక్స్‌ప్రెస్’ అనే కూరలో మామూలుగా పంది మాంసమే వేస్తారు, అది తను అసలు తినదు.

నాకు అసలు టెన్షన్ నిల్వ గురించే. మన ఆవకాయకైతే ఉప్పు, పులుపు కాపలా. కొబ్బరిపాల కూరలో ఆ పులుపు ఉండదు, సరిగ్గా ప్రెషర్‌లో ఉడికించి సీల్ చేయకపోతే బొటులిజం (గాలి తగలని సీసాలో పెరిగే బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం ఉంది. ఇళ్లలో చేసి అమ్మేవాటిని మానేయమని చెప్పాను, సరేనా? నూనెలో మునిగిన చేపల సీసా తెరిచాక ఆ ఉక్కలో మర్నాటికి ఉంచవచ్చా? ఒక్క పూటకు సరిపోయే చిన్న సీసాలు దవావోలో ఎక్కడ దొరుకుతాయి? అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.