జెహాన్ దారువాలాకి ఎఫ్1 సీటు రాకపోవడానికి డబ్బే కారణమా?

గ్రిడ్‌వాక్:
మనవాళ్ల రేసింగ్ గురించి ఎక్కడ మాటొచ్చినా చివరికి "స్పాన్సర్లు లేక ఆగిపోయాడు" అనే దగ్గరే తేలుతుంది. మన రేసింగ్ డ్రైవర్ జెహాన్ విషయంలో నేను దీన్ని ఒప్పుకోను. 2011లో ఫోర్స్ ఇండియా అనే ఎఫ్1 జట్టు దేశమంతా గాలించి ఎంపిక చేసిన ముగ్గురు పిల్లల్లో అతనొకడు. ఇంట్లో డబ్బుకి లోటు లేదు. 2019లో, ఎఫ్1కి రెండు మెట్ల కింద ఉండే ఎఫ్3లో ప్రేమా జట్టు, మూడో స్థానం. 2020లో రెడ్ బుల్ జూనియర్‌గా, అంటే రెడ్ బుల్ ఎఫ్1 కోసం తయారుచేసే కుర్రాళ్లలో ఒకడిగా, కార్లిన్ జట్టుతో పై మెట్టయిన ఎఫ్2కి వచ్చాడు.

ఇప్పుడు పక్క కారు చూడండి. అందులో యూకీ సునోడా. 2019 ఎఫ్3లో అతనిది తొమ్మిదో స్థానం, అదీ జెంజర్ లాంటి చిన్న జట్టులో. 2020లో ఇద్దరికీ ఎఫ్2 కొత్తే. ఇద్దరిదీ ఒకే జట్టు, ఇద్దరి వెనకా రెడ్ బుల్. సీజన్ ముగిసేసరికి సునోడా 200 పాయింట్లతో మూడోవాడు, జెహాన్ 72 పాయింట్లతో పన్నెండోవాడు. మరుసటి ఏడాది సునోడా రెడ్ బుల్ వాళ్ల రెండో ఎఫ్1 జట్టు ఆల్ఫా టౌరీలో కూర్చున్నాడు. ఇందులో డబ్బు పాత్ర ఎక్కడుందో ఎవరైనా చూపించండి.

కోయంబత్తూర్ ఎక్స్‌ప్రెస్:
సునోడా వెనక హోండా ఉంది అన్నా, ఆ సంగతి వదిలేశారు. అప్పుడు రెడ్ బుల్‌కీ ఆల్ఫా టౌరీకీ ఇంజన్లు ఇచ్చింది వాళ్లే. జపాన్ కుర్రాడికి సీటు దొరకడం వాళ్లకీ కావాలి. మనకి అలా నిలబడే కంపెనీ ఏది?

గ్రిడ్‌వాక్:
తలుపు తట్టేవాళ్లు ఉండటం వేరు, లోపలికి వెళ్లే అర్హత వేరు తమ్ముడూ. ఎఫ్1లో నడపడానికి తప్పనిసరైన సూపర్ లైసెన్స్‌కి మూడు సీజన్లలో కలిపి 40 పాయింట్లు కావాలి. ఎఫ్2లో మొదటి మూడు స్థానాల్లో దేనికైనా ఒకే ఏడాదిలో ఆ 40 వచ్చేస్తాయి. ఏడో స్థానానికి వచ్చేవి 8. పన్నెండో స్థానానికి ఏమీ రావు. సునోడా పై స్థానాల్లో నిలవకపోయుంటే హోండా ఎంత పట్టుబట్టినా ఆ ఏడాది లైసెన్సే వచ్చేది కాదు.

పిట్‌బోర్డ్ లక్ష్మి:
పాయింట్ల పట్టిక మీద ఇంత నమ్మకం నాకు లేదండీ. 2022 ఎఫ్2 ఛాంపియన్ డ్రుగోవిచ్‌కి రిజర్వ్ డ్రైవర్ ఉద్యోగం తప్ప సీటు దొరకలేదు. 2023 ఛాంపియన్ పుర్షేర్‌దీ అదే కథ. 2024లో ఆరో స్థానంలో ఉన్న ఆంటొనెల్లి మాత్రం నేరుగా మెర్సిడెస్‌కి వెళ్లాడు. అతను ఎఫ్3 మెట్టు ఎక్కనే లేదు. కాబట్టి "గెలిస్తే సీటు వస్తుంది" అనేది పూర్తి నిజం కాదు.

కానీ జెహాన్ దగ్గర అసలు చిక్కు ఇంకోటి ఉందని నా అభిప్రాయం. ఎఫ్2లో అతనివి నాలుగు విజయాలు: 2020లో సాఖిర్, 2021లో మోంజా, అబుదాబి, 2022లో మళ్లీ మోంజా. మొదటి మూడూ స్ప్రింట్ రేసులే. అంటే ముందు వరసలన్నీ తిరగేసి నిలబెట్టే రేసులు. ఫీచర్ రేసులో, అంటే వారాంతపు అసలు రేసులో, గెలుపు ఒక్కటే. అందులో ఎన్నో వరస నుంచి మొదలుపెడతామో శుక్రవారం క్వాలిఫయింగే, అంటే ఒక్కో ల్యాప్ వేగం కొలిచే పోటీయే, తేల్చేస్తుంది. 45 నిమిషాల ప్రాక్టీస్ ఒక్కటే ఉంటుంది, దాన్ని ఎక్కువగా గట్టి టైర్ మీదే నడుపుతారు. తర్వాత 30 నిమిషాల క్వాలిఫయింగ్‌లో మెత్తటి టైర్ వేసి, ఆ టైర్ ఎంత పట్టు ఇస్తుందో ముందే ఊహించి మొదటి ల్యాప్‌లోనే దూకాలి. ఎఫ్1 జట్లు చూసేది ఆ ల్యాప్‌నే. సాఖిర్‌లో షూమాకర్, టిక్టమ్‌లతో పోరాడి గెలిచిన రేసు నేను రాత్రి లైవ్ చూశాను, కళ్లలో నీళ్లొచ్చాయి. ఎఫ్2లో భారతీయుడు గెలవడం అదే మొదలు. ఒకరిని దాటడంలో, దాటనివ్వకుండా ఆపడంలో జెహాన్ ఎవరికీ తీసిపోడు. వారం వారం రెండో వరస లోపల నిలబడటంలోనే వెనకబడ్డాడు.

కోయంబత్తూర్ ఎక్స్‌ప్రెస్:
2022లో ప్రేమాలో అతని పక్కన ఉన్నది ఎఫ్3 ఛాంపియన్ హౌగర్. సీజన్ చివర జెహాన్‌ది ఏడో స్థానం, హౌగర్‌ది పదో స్థానం. ఆ ఏడాదే మెక్‌లారెన్ పిలిచి సిల్వర్‌స్టోన్‌లో ఎఫ్1 కారు టెస్ట్ ఇచ్చింది. అంత తీసిపోయినవాణ్ని ఎందుకు పిలుస్తారు?

పిట్‌బోర్డ్ లక్ష్మి:
తీసిపోయాడని నేను అనలేదండీ. అది అతనికి మూడో ఏడాది, హౌగర్‌కి మొదటిది. అదే ఏడాది మొదటిసారి పూర్తి ఎఫ్2 సీజన్ నడిపిన సార్జెంట్ నాలుగో స్థానం తెచ్చుకుని ఎఫ్1 జట్టు విలియమ్స్‌కి వెళ్లాడు. మూడో ఏడాది గెలిస్తే అనుభవం అంటారు, ఓడితే పనైపోయింది అంటారు. ఎఫ్2లో ఏళ్లు గడిచేకొద్దీ డ్రైవర్ విలువ తగ్గుతుంది. అందుకే 2023లో ఎంపీ మోటార్‌స్పోర్ట్ జట్టుతో నాలుగో సీజన్ చేయకుండా ఉండాల్సింది. పదకొండో స్థానం వచ్చింది. ఎలక్ట్రిక్ కార్ల రేసింగ్ అయిన 'ఫార్ములా ఈ'కి ఒక ఏడాది ముందే వెళ్లి ఉంటే హుస్సేన్ సాగర్ పక్కన 2023లో జరిగిన రేసులో మనవాడు ఉండేవాడు. 2024లో మసెరాటి కారెక్కేసరికి హైదరాబాద్ రేసు రద్దయింది.

షంషాబాద్ మామయ్య:
నాకు ఈ చర్చ కాలక్షేపం కాదండీ. మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు, కార్టింగ్ (పిల్లలు చిన్న కార్లతో నడిపే రేసింగ్) పిచ్చి. బావగారు ఉన్న స్థలం అమ్మడానికి కూడా సిద్ధంగా ఉన్నారు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి?

గ్రిడ్‌వాక్:
మామయ్యగారూ, స్థలం ఇప్పుడే అమ్మొద్దు. ముందు ఇక్కడి జాతీయ కార్టింగ్‌లో రెండు సీజన్లు చూడండి. ఇక్కడ స్పష్టంగా ముందుంటే పన్నెండేళ్ల లోపే ఇటలీకో ఇంగ్లండ్‌కో పంపండి. అక్కడి పిల్లలు వానలో, చలిలో, వారం వారం నడుపుతారు. చల్లటి టైర్‌తో మొదటి ల్యాప్‌లోనే వేగం తీయడం ఆ వయసులోనే ఒంటబడుతుంది, లక్ష్మిగారు చెప్పిన క్వాలిఫయింగ్ కిటుకు అదే. ఎఫ్2లో పోసే కోట్లు దాన్ని తేలేవు.

కోయంబత్తూర్ ఎక్స్‌ప్రెస్:
అన్నా, "పన్నెండేళ్ల లోపు ఇటలీ" అంటేనే డబ్బు కదా! నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. జెహాన్‌కి ఎఫ్2లో డబ్బు తక్కువ కాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎఫ్1లో నడిపిన నరేన్ కార్తికేయన్, కరుణ్ చందోక్ తర్వాత మనకి మూడో పేరు రాకపోవడానికి కారణం పదేళ్ల వయసులో ఆ ఖర్చు పెట్టగల ఇళ్లు దేశంలో గుప్పెడే ఉండటం. మోనాకోలో ఎఫ్2 స్ప్రింట్ గెలిచిన కుశ్ మైనీ కూడా అలాంటి ఇంటి నుంచే వచ్చాడు.

పిట్‌బోర్డ్ లక్ష్మి:
ఈ మాట ఒప్పుకుంటాను. కుశ్‌దీ జెహాన్ లెక్కే చూడండి. 2024లో ఇన్విక్టా జట్టులో అదే కారు నడిపిన బోర్టొలెటో ఎఫ్2 ఛాంపియన్ అయ్యాడు, కుశ్ పదమూడో స్థానంలో ఆగాడు. బోర్టొలెటో బ్రెజిల్ నుంచి చిన్నప్పుడే ఇటలీ వెళ్లి కార్టింగ్ చేసినవాడు. మామయ్యగారూ, బాబు కార్టింగ్‌లో ఏ విభాగంలో నడుపుతున్నాడు? ల్యాప్ టైములు ఉంటే పెట్టండి, చూద్దాం.