అప్‌డేట్: ఇంటి నుంచి నర్స్ కాల్స్, మాట తెగిపోవడం – సమస్య తీరింది

కావలిలో ఇంటి నుంచి, లాప్‌టాప్‌లో నెట్ కాల్స్ మీద ఆరోగ్య సలహాలిచ్చే నర్సుని. కాల్ మధ్యలో పేషెంట్ మాట తెగిపోతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఫైబర్ లైన్ చెక్ చేయించమన్న అన్న చెప్పిందే నిజమైంది. లైన్‌మ్యాన్ మీటర్ పెడితే సిగ్నల్ మైనస్ 29 డీబీఎం (కేబుల్‌లో వచ్చే వెలుగు బలం కొలత; మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). మైనస్ 27 దాటి పడిపోతే నమ్మలేమన్నాడు. బీరువా వెనక కేబుల్ మడత పడి నలిగిపోయుంది. ఆ ముక్క కోసి కొత్త కనెక్టర్ వేస్తే మైనస్ 20కి వచ్చింది. లాప్‌టాప్‌కి వైఫై బదులు ల్యాన్ వైరు కూడా పెట్టాను. ఇప్పుడు మాట ఖణేల్మంటోంది.

నెట్ స్పీడ్ ప్లాన్ పెంచడం దండగ. ఒక వాయిస్ కాల్‌కి 100 కేబీపీఎస్ స్పీడ్ చాలు. కొత్త హెడ్‌సెట్ వల్లా ఒరిగిందేం లేదు, కాకపోతే చెవి నొప్పి తగ్గింది!

అసలు మేలు మాత్రం ఒక అక్క చెప్పిన మాట. "ఛాతీలో..." అని అవతల నిశ్శబ్దమైతే లైన్ పోయిందో, మనిషి పడిపోయాడో మనకి తెలీదు. అందుకే కాల్ ఎత్తగానే తిరిగి చేయాల్సిన నంబరు, ఊరు, పక్కన ఎవరున్నారో రాసుకుంటున్నా. లైన్ బాగైనా ఇది మానను.

అమెరికా పేషెంట్ల కాల్స్ గురించి అడిగినవాళ్లకి: అక్కడ నర్సుగా సలహా ఇవ్వాలంటే పేషెంట్ ఉన్న రాష్ట్రంలో చెల్లే లైసెన్స్ ఉండాలి. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు.