పుట్టపాక తేలియా రుమాలు డిజైన్‌తో స్వెటర్ యోక్: బిగుసుకుపోయింది, విప్పాలా?

అబర్డీన్_అల్లిక

అందరికీ నమస్తే. నేను స్కాట్లాండ్‌లో అబర్డీన్‌లో ఉంటాను, అల్లడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఇక్కడ బుధవారం సాయంత్రాలు పది పన్నెండు మందిమి కూర్చుని అల్లుకుంటాం. అందులో షెట్లాండ్ దీవుల్లో పుట్టి పెరిగిన పెద్దావిడ ఒకరున్నారు. నడుముకి చిల్లులున్న తోలు బెల్ట్ కట్టుకుని, ఒక సూది చివర ఆ చిల్లులో గుచ్చి, కుడిచెయ్యి వేళ్లు మాత్రం ఆడిస్తూ అల్లుతారు, ఎంత వేగమంటే కుట్టు ఎప్పుడు పడిందో మన కంటికి ఆనదు. ఆవిడని చూసే నాకు రెండు రంగుల అల్లిక మీద మనసు పడింది.

ఇప్పటిదాకా వేరేవాళ్ల ప్యాటర్న్‌లే అల్లాను. ఈసారి డిజైన్ నాదే. డిసెంబర్‌లో అమ్మ వస్తోంది, తనకి కుడి భుజం పట్టేసి తల మీదుగా ఏదీ తొడుక్కోలేదు, అందుకని ముందు తెరుచుకునే కార్డిగన్ అనుకున్నా. మా అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకి వచ్చిన తేలియా రుమాలు ఒకటి ఉంది, పుట్టపాకలో నేసిన గుడ్డ, ఎరుపు, నలుపు, తెలుపు. అందులోని వజ్రం ఆకారాలని గళ్ల కాగితం మీద దించుకుని యోక్‌లో, అంటే భుజాల దగ్గర్నుంచి మెడ దాకా వచ్చే పై భాగంలో, చుట్టూ వచ్చేలా పెట్టాను. ఎర్రటి నేల, నల్ల వజ్రాలు, వాటి చుట్టూ సన్నగా తెల్ల గీత.

లెక్కలు ఇవి: జేమీసన్స్ డబుల్ నిట్టింగ్ ఊలు, 3.75 ఎమ్మెమ్ సూది, 10 సెంటీమీటర్లకి 24 కుట్లు, 32 వరసలు. ఛాతీ 100 సెంటీమీటర్లు కాబట్టి ఒంటికి 240 కుట్లు. ఒక్కో చెయ్యి 80. చంకల దగ్గర ఒంట్లో 20, చేతిలో 20 పక్కన పెట్టి, మొత్తం కలిపితే యోక్ మొదట్లో 320. స్టీక్ కోసం, అంటే గొట్టంలా అల్లాక ముందు వైపు కత్తిరించి తెరవడానికి, అదనంగా వేసిన 7 కుట్లు ఇందులో లేవు.

22 వరసలు అయ్యాక చూస్తే యోక్ ముడుచుకుపోయినట్టుంది. టేప్ పెట్టి కొలిస్తే 10 సెంటీమీటర్లకి 27 కుట్లు వస్తున్నాయి. వజ్రం కాగితం మీద నిటారుగా ఉంది, అల్లాక పక్కకి సాగి చప్పిడిగా ఉంది. అన్నిటికన్నా బాధ ఏంటంటే నాలుగడుగుల దూరం నుంచి చూస్తే వజ్రాలే కనపడట్లేదు, ఏదో ముదురు పట్టీ ఉన్నట్టుంది. మూడు వారాల పని ఇది. విప్పాలా, తడిపి, సాగదీసి ఆరబెట్టి బ్లాక్ చేస్తే సర్దుకుంటుందా? ఇంకోటి, స్టీక్ కత్తిరించడం ఇదే మొదటిసారి, కత్తెర పట్టుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

రంగులపెట్టె

ముందు ఒక పని చేయండి. ఎరుపు, నలుపు, తెలుపు ఉండల్ని పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. మీ ఎరుపు ముదురుదైతే నలుపుతో కలిసిపోయి రెండూ దాదాపు ఒకటే బూడిద రంగులా కనపడతాయి. దూరం నుంచి మన కన్ను ముందు పట్టుకునేది వెలుగు నీడల తేడానే, రంగు తేడా తర్వాత. మీ వజ్రాలు అందుకే మాయమయ్యాయి. నేను బెంగళూరులో మా పాపకి ముదురు పచ్చ మీద వంగపండు రంగుతో నెమళ్లు అల్లితే ఇదే జరిగింది, చేతిలో ఉన్నంతసేపు బ్రహ్మాండంగా ఉన్నాయి, పాప వేసుకుని గది అవతలికి వెళ్లగానే నెమళ్లు లేవు.

మంచుదారి

అబర్డీన్ గారూ, విప్పండి. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. షెట్లాండ్ ఊలు తడిస్తే పొంగి కొంచెం సర్దుకునే మాట నిజమే, కానీ మీకు తగ్గింది కొంచెం కాదు. 320 కుట్లు 24 లెక్కన 133 సెంటీమీటర్లు రావాలి, 27 లెక్కన 118. పదిహేను సెంటీమీటర్లు నీళ్లు తెచ్చిపెట్టలేవు, పైగా భుజం నొప్పి ఉన్న మనిషికి వేసేది.

ఎందుకు బిగిసిందంటే నాకు మూడు కారణాలు కనపడుతున్నాయి. మొదటిది, మీ 24 కుట్ల లెక్క ఒకే రంగు అల్లికది. వెనక దారం మోసుకుపోయే అల్లిక చాలామందికి బిగుతుగానే వస్తుంది, యోక్‌కి సూది మార్చాలి, 4 తో మొదలుపెట్టి చూడండి, చాలకపోతే 4.5. స్వాచ్ (కొలత చూసుకునే చిన్న నమూనా ముక్క) కూడా రెండు రంగులతోనే, గుండ్రంగా అల్లినట్టే అల్లండి. అంటే వరస అయ్యాక వెనక్కి తిప్పకుండా, కుట్లని సూది మీద మళ్లీ కుడి చివరికి జరిపి, దారాన్ని వెనక నుంచి వదులుగా తెచ్చి, ఎప్పుడూ ముందువైపు నుంచే అల్లాలి. తిప్పి తిప్పి అల్లిన స్వాచ్ గుండ్రటి అల్లిక గేజ్‌ని, అంటే 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు, వరసలు వస్తాయో, సరిగ్గా చెప్పదు.

రెండోది ఫ్లోట్లు, అంటే వెనక వైపు ఖాళీగా సాగే దారాలు. వజ్రం మొన దగ్గర ఒక నల్ల కుట్టు, తర్వాత పదిహేను ఎర్ర కుట్లు, మళ్లీ ఒక నల్ల కుట్టు, అంతేగా? అంటే నల్ల దారం వెనక ఆరు సెంటీమీటర్లకి పైగా ఖాళీగా వెళ్తోంది. చెయ్యి ఏమాత్రం లాగినా అక్కడ బట్ట ముడతపడుతుంది, రేపు అమ్మగారి గాజు కూడా అందులో తగులుకుంటుంది. ఐదు కుట్లకొకసారి వెనక దారాన్ని మెలేసి పట్టించండి, వరుసగా రెండు వరసల్లో ఒకే చోట కాకుండా. నాకు బాగా పనిచేసిన ఉపాయం ఇంకోటి ఉంది, అల్లికని లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి పట్టుకుని అల్లడం. ఫ్లోట్లు గొట్టం బయటివైపు తిరుగుతాయి కాబట్టి వాటికి దారి పెరుగుతుంది, మనం గుర్తుపెట్టుకోకపోయినా వదులుగా పడతాయి.

మూడోది, మీరు ఒకే వరసలో మూడు రంగులు మోశారు. ఫెయిర్ ఐల్ అల్లికలో, అదే షెట్లాండ్ వాళ్ల రంగుల అల్లికలో, ఎన్ని రంగులున్నా ఒక వరసలో రెండే. మూడో దారం వచ్చిందంటే బట్ట మందం పెరుగుతుంది, మూడు దారాల బిగింపూ ఒకేలా ఉంచడం ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా కష్టమే.

వజ్రం సంగతికొస్తే, గళ్ల కాగితంలో గడి చతురస్రం, అల్లికలో కుట్టు పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ. పెద్ద సూదితో మీకు 24 కుట్లు, 28 వరసలు వచ్చాయనుకుందాం. పదిహేను కుట్ల వెడల్పు 6.25 సెంటీమీటర్లు. అంతే ఎత్తు రావాలంటే పదిహేను వరసలు చాలవు, పదిహేడు కావాలి. రుమాలు మీద వజ్రం నిలువుగా ఉంటే ఇంకో రెండు పెంచుకోండి.

చిటికి_పిల్ల

చెల్లీ, తేలియా రుమాలు అనగానే ఆగలేకపోయాను. మాది పుట్టపాక వైపే, నారాయణపురం దగ్గర, మా మేనత్త ఆసు పోసేది, అంటే నేతకి ముందు దారాన్ని కొలతకి చుట్టేది. నేను హైదరాబాద్ వచ్చేశాను, నేతపని రాదు, ఊలు అల్లడం మాత్రం వచ్చు.

నువ్వు దించుకున్న బొమ్మ ఒకప్పుడు వాళ్లు కూడా గళ్ల కాగితం మీదే గీసి ఉంటారు. నేయకముందే దారాలు సాగదీసి కట్టి, రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబ్ ముక్కలతో బిగించి కట్టి, ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ముంచుతారు. తేలియా రుమాలులో నిలువు దారం, అడ్డం దారం రెండిటికీ ఈ పని ఉంటుంది, మగ్గం మీద రెండూ ఒకచోట కలిస్తేనే బొమ్మ తేటగా పడుతుంది. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన దారం కాబట్టి ఆ పేరు. మీ అమ్మమ్మ రుమాలుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, ఇంకా ఆ వాసన ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మా ఇంట్లో ఉన్న రుమాలు తీసి ముందు పెట్టుకుని రాస్తున్నాను. దూరం నుంచి చూస్తే ముందు కనపడేది తెలుపే. ఎరుపు, నలుపు వెనక్కి వెళ్లిపోయి చీకటి నేలలా ఉన్నాయి, బొమ్మని నిలబెడుతున్నది తెలుపు. నువ్వు తెలుపుని సన్నటి గీత చేసి, బొమ్మ బరువంతా నలుపు మీద పెట్టావు. తిప్పెయ్. వజ్రం మొత్తం తెలుపులో అల్లు. నేలని మాత్రం వరసల వారీగా మార్చు, కింద ఎరుపు, వజ్రం నడుము దగ్గర ఐదు వరసలు నలుపు, మళ్లీ ఎరుపు. అప్పుడు ఏ వరసలో చూసినా రెండే దారాలు. ఎరుపు, నలుపు కలిసిపోతున్నాయని పైన అన్నారు కదా, నేలకి అదే కావాలి, ఎరుపు లోంచి నలుపులోకి ఎక్కడ మారిందో తెలియకుండా లోతు వస్తుంది. షెట్లాండ్‌ వాళ్లు చేసేదీ ఇదే కదా, వరస వరసకీ రంగు మారుస్తూ పోతారు.

మొనల దగ్గర పదిహేను కుట్ల ఖాళీ గురించి కూడా బెంగ వద్దు. ఆ మూలల్లో మూడు కుట్ల చిన్న చుక్కలు పెట్టు, ముగ్గులో ఖాళీ పూడ్చినట్టు. ఫ్లోటూ తగ్గుతుంది, రుమాలు మీద ఉన్నట్టు నిండుగానూ ఉంటుంది.

ఇక ఇకత్‌లో, అంటే ఇలా దారాలు కట్టి రంగు వేసి నేసిన బట్టలో, బొమ్మ అంచుల్లో ఆ జీర ఉంటుంది చూడు, రంగు పక్కకి కొంచెం పాకినట్టు, అది కూడా తీసుకురా. వజ్రం అంచు నిక్కచ్చిగా మెట్లలా కాకుండా అక్కడక్కడా ఒక కుట్టు ముందుకీ ఒక కుట్టు వెనక్కీ జరుపు.

మంచుదారి

చిటికి_పిల్ల గారూ, నేల మార్చమన్న సలహా నాకు తట్టనే లేదు, అదే సరైనది. కానీ అంచులు చెదరగొట్టమనడం మాత్రం నేను ఒప్పుకోలేను. నేతలో దారం సన్నం, ఆ జీర వెంట్రుకవాసి ఉంటుంది కాబట్టి అందం. ఇక్కడ ఒక కుట్టు నాలుగు మిల్లీమీటర్లు, జరిపితే జీరలా కాదు, తప్పు అల్లినట్టు కనపడుతుంది. షెట్లాండ్ ఊలుకి నూగు ఉంటుంది, ఉతికాక అది లేచి అంచుల్ని అదే మెత్తబరుస్తుంది. చార్ట్ శుభ్రంగా గీయండి, మిగతాది ఊలుకి వదిలేయండి.

యోక్ తగ్గింపు లెక్క కూడా ఇచ్చేస్తున్నా, మీ 320 చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. అల్లిక పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ శాతాల పద్ధతి ఉంది కదా, ఒంటి కుట్లని నూరు అనుకుంటే మెడ నలభై. మీకు 240 లో నలభై శాతం 96. యోక్ లోతు ఛాతీ కొలతలో పావు, అంటే 25 సెంటీమీటర్లు, 28 గేజ్‌లో 70 వరసలు. సగం దాకా, 35 వరసలు, ఏమీ తగ్గించకండి. అక్కడ ప్రతి నాలుగు కుట్లనీ మూడు చేస్తే 320 కాస్తా 240. ముప్పావు దగ్గర మూడిట్ని రెండు చేస్తే 160. చివర్లో ఐదిట్ని మూడు చేస్తే 96, సరిగ్గా మెడ. మీ వజ్రం పదిహేను కుట్లు, పక్కన ఒక ఎర్ర కుట్టు, మొత్తం పదహారు, 320 లో ఇరవై వజ్రాలు. తగ్గించిన తర్వాత పదహారు పన్నెండు అవుతుంది, తర్వాత ఎనిమిది. ఇరవై వజ్రాలు ఇరవైగానే మెడ దాకా ఎక్కుతాయి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. కింద సగంలో పదిహేడు వరసల వజ్రాలు రెండు, పైన చిన్నవి రెండు. తగ్గించే వరసల్ని బొమ్మ లేని ఒకే రంగు వరసల్లో దాచండి.

నూలుపోగు_నానమ్మ

అమ్మా, రెండు మాటలు. తెలుపు దారం మొదటినుంచి చివరిదాకా ఒకే చేతిలో ఉండాలి. రెండు దారాల్లో కింది నుంచి వచ్చే దారం కుట్టు కాస్త పెద్దదిగా, ముందుకి వచ్చినట్టు పడుతుంది. రెండు చేతులతో అల్లితే అది ఎడమ చేతి దారం. తెలుపు అక్కడ పెట్టుకో, మధ్యలో మార్చావంటే సగం వజ్రాలు తేటగా, సగం మసకగా వస్తాయి. రెండోది, ఎర్ర ఊలు తెలుపు పక్కన పెడుతున్నావు, స్వాచ్‌ని చన్నీళ్లలో అరగంట నానబెట్టి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడు, రంగు దిగితే ఇప్పుడే తెలియాలి.

స్టీక్ గురించి భయం వద్దు. నీది మెషీన్ వాష్ కోసం నున్నగా చేసిన ఊలు కాదు, షెట్లాండ్ ఊలు, దారం దారాన్ని పట్టుకునే ఉంటుంది. అదే ఇక్కడ మన దుకాణాల్లో దొరికే యాక్రిలిక్ అయితే మిషన్ మీద రెండు కుట్లు వేయకుండా కత్తెర పెట్టొద్దంటాను. ఏడు కుట్లలో నాలుగోది నడిమిది. కుట్టుకి రెండు కాళ్లుంటాయి కదా. నడిమి కుట్టు ఎడమ కాలినీ దాని పక్క కుట్టు కుడి కాలినీ కలిపి క్రోషే సూదితో కింది నుంచి పైదాకా సింగిల్ క్రోషే వెయ్యి, సన్నటి వేరే రంగు ఊలుతో. అవతలి వైపూ అంతే. రెండు గొలుసులూ చెరో పక్కకీ వాలతాయి, మధ్యలో నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనపడతాయి. లోపల ఒక అట్టముక్క పెట్టుకుని, వీపు భాగం తెగకుండా, చిన్న కత్తెరతో ఆ మెట్లని ఒక్కొక్కటే కత్తిరించు. కత్తిరించాక అంచులు వాటంతటవే లోపలికి మడుచుకుంటాయి. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్క కుట్టు కూడా జారలేదు. మధ్యాహ్నం వెలుతురులో కూర్చో, రాత్రిపూట వద్దు.

అబర్డీన్_అల్లిక

పది రోజుల తర్వాత రాస్తున్నాను. 22 వరసలూ విప్పేశాను, బుధవారం గుంపులో అందరి ముందే. షెట్లాండ్ పెద్దావిడ పక్కన కూర్చుని ఊలు ఉండ చుట్టిపెట్టారు. చిటికి_పిల్ల అక్క చెప్పిన నేల మార్పు గురించి చెబితే ఆవిడ రుమాలు ఫొటో చాలాసేపు చూశారు. నలుపు బదులు షైలా వాడమన్నారు, షెట్లాండ్ గొర్రెల ముదురు బూడిద రంగుకి వాళ్ల పేరు అది, రంగు వేయని ఊలు. ఎరుపు పక్కన నలుపు కన్నా మెత్తగా ఉంది, ఉంచేశాను.

4 ఎమ్మెమ్ తో 25 వచ్చాయి, 4.5 తో సరిగ్గా 24, వరసలు 28. స్వాచ్ తడిపి ఆరేస్తే రంగు దిగలేదు. అంచుల విషయంలో మంచుదారి గారి మాటే విన్నాను, అక్కా ఏమనుకోకు, రెండు రకాలూ అల్లి చూశాకే. జరిపిన దాంట్లో తప్పు పోయినట్టే ఉంది.

నిన్న రాత్రికి మొదటి వజ్రం వరస పూర్తయింది. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి అమ్మకి పంపాను, ఏంటో చెప్పకుండా. వెంటనే ఫోన్ చేసి "అమ్మమ్మ రుమాలు కదూ" అంది. స్టీక్ వచ్చే నెల, శనివారం మధ్యాహ్నం. నానమ్మ గారూ, ఆ అట్టముక్క ఎంత పొడుగుండాలో చెప్పండి, మెడ దాకా ఒకటే పెట్టాలా, జరుపుకుంటూ పోవచ్చా?

నూలుపోగు_నానమ్మ

జానెడు చాలు తల్లీ, జరుపుకుంటూ పో.